పెండ్లైన తొమ్మిదేండ్లకు ఇద్దరమే విశాఖకు రెండు రోజులు: హలాల్ తిండి ఏడ దొరుకుతది?

వాడపల్లి సంగమం

అందరికి నమస్తే, సలాం.

మాది మిర్యాలగూడ. నేను సర్కారు బడిల టీచర్‌ను, మా ఆయన రైస్ మిల్లుల లెక్కలు రాస్తడు. డిసెంబర్‌ల రెండో శనివారం, ఆదివారం కలిసొస్తున్నయి. పిల్లలిద్దరిని నకిరేకల్‌ల మా అమ్మ ఉంచుకుంటనన్నది. పెండ్లై తొమ్మిదేండ్లైంది గని మేమిద్దరమే ఊరు దాటి ఒక్క రాత్రి ఉన్నది లేదు. ఎప్పుడు పోయినా పెండ్లికో, చావుకో, దవాఖానకో. ఎంబడి నలుగురు ఉంటరు, చేతిల టిఫిన్ల సంచి ఉంటది.

నాకు నీళ్లంటే నాగార్జునసాగర్. గేట్లు ఎత్తిన్నాడు తుంపర మొఖం మీద పడితే అదే పెద్ద సంబురం. వాడపల్లి కాడ మూసీ వచ్చి కృష్ణల కలిసేది ఎన్నిసార్లు చూసిన్నో లెక్కలేదు. సముద్రం మాత్రం చూడలే. మా ఆయన ఒకసారి బియ్యం లారీ ఎంబడి కాకినాడ పోర్టు దాకా పోయిండు. గోదాముల కాడ్నే పని అయిపోయిందట, సముద్రం దూరంకెళ్లి ఒక గీత లెక్క కనవడ్డదట. అందుకే విశాఖ అనుకున్నం. కొండలున్నయి, సముద్రం ఉంది, మా స్టేషన్‌లనే రైలు ఎక్కొచ్చు.

నా అసలు ప్రశ్న తిండి గురించి. మా ఆయన హలాల్ విషయంల గట్టి మనిషి. ఎవరినీ ఏమనడు, వాదన పెట్టుకోడు, నమ్మకం కుదరకుంటే తినుడు ఆపేస్తడు, అంతే. పోయిన ఎండకాలం చుట్టాలతోని ఒక ఊరికి పోయినం. హోటల్ల అడిగితే "హలాలే మేడం, మీరు తినుండ్రి" అన్నడు. సగం తిన్నంక మా ఆయన చెయ్యి కడుక్కోను లేచిండు. వంటింటి తలుపు తెరిచి ఉంది. కోడి ఏడికెల్లి తెస్తరని వంటాయనను అడిగిండు. ఆయన పాపం నిజమే చెప్పిండు: "కోసినయే పొద్దున సంచులల్ల వస్తయి సార్, ఎవరు కోస్తరో మాకు తెల్వది." అప్పటిసంది ఇంటికొచ్చేదాంక రెండు రోజులు మా ఆయన అరటిపండ్లు, బ్రెడ్డు. మేము తింటుంటే పక్కన కూసోని, మా పిల్లలకు ముద్దలు కలిపి పెట్టుకుంట, నవ్వుకుంట ఉన్నడు. నాకు ఆ నవ్వే ఇప్పటికీ గొంతుల అడ్డం పడుతది.

ఈసారి అట్ల కావద్దు. ఇద్దరం పక్కపక్కన కూసోని, ఒక్కటే పళ్లెంల, అనుమానం లేకుంట తినాలె. ఇంకోటి, పొద్దున లేస్తే రాత్రిదాంక ఉరుకుడు మాకు వద్దు. నాలుగు చోట్లు తక్కువ చూసినా సరే, కూసునే జాగ కావాలె. ఏడ దిగాలె, ఏమి చూడాలె, ఏమి ఇడిసిపెట్టాలె? తెలిసినోళ్లు జర చెప్పుండ్రి.

గాజువాక నల్లగొండోడు

చెల్లె, నాది నల్లగొండ పక్క పానగల్లు. ఉక్కు ఫ్యాక్టరీల ఉద్యోగానికొచ్చి ఇరవై రెండేండ్లాయె. ఇప్పటికీ ఎవరన్న "మిర్యాలగూడ" అంటే నా చెవులు నిక్కవొడుచుకుంటయి.

ముందుగాల రైలు. శుక్రవారం బడి అయిపోంగనే విశాఖ ఎక్స్‌ప్రెస్ ఎక్కుండ్రి. నల్లగొండ, మిర్యాలగూడ, గుంటూరు, బెజవాడ మీదికెళ్లి వస్తది. రాత్రి పండుకుంటే పొద్దుగాల విశాఖ. జన్మభూమి కూడా మన లైన్లనే వస్తది గని అది పగటి బండి, రెండు రోజుల పర్యటనల ఒక రోజు బండ్లనే పోతది. వందే భారత్ సంగతి అడుగుతరేమో, విశాఖ వందే భారత్ వరంగల్ మీదికెళ్లి పోతది, మనకు అక్కెరకు రాదు. టైములు మారుతుంటయి, టికెట్ చేసేటప్పుడు చూసుకోండ్రి.

స్టేషన్ కాడ రూం తీసుకోవద్దు. నా మాట ఇనుండ్రి, రెండు వందలు ఎక్కువైనా బీచ్ రోడ్డు వైపే దిగుండ్రి. ఆర్కే బీచ్ నుంచి లాసన్స్ బే దాంక ఏడైనా సరే. "సీ వ్యూ" అని చెప్పి బాత్రూం కిటికీల కెళ్లి సముద్రం చూపించేటోళ్లు ఉన్నరు. రూం చూసినంకనే పైసలు కట్టుండ్రి. ఇద్దరి ఆధార్ కార్డులు అసలుయి పెట్టుకోండ్రి.

ఇక్కడ బీచ్ రోడ్డును తెల్లారుజామున బండ్లకు బంద్ పెడుతరు, నడిచేటోళ్ల కోసం. నాకు ఈ ఊర్ల అన్నిటికంటె ఇష్టమైన పూట అదే. హారన్ ఉండదు. తూర్పు తీరం కాబట్టి సూర్యుడు నీళ్లలకెళ్లే లేస్తడు. సాయంత్రం మాత్రం కొండల ఎనకకు తొందరగా పోతడు, ఐదు దాటితె ఇసుక చల్లబడుతది. అంటే పొద్దున సముద్రం, సాయంత్రం కొండ. ఈ ఊరును గట్ల చూడాలె.

కొండ అంటే కైలాసగిరి. నాలుగింటికి పోండ్రి. రోప్‌వేల ఎక్కుండ్రి, దిగేటప్పుడు కావాలంటే ఆటో. పైన శివపార్వతుల పెద్ద బొమ్మల కాడ జనం ఉంటరు, అక్కడ ఆగకుంట అంచు దాంక నడవుండ్రి. సముద్రం దిక్కు మొఖం పెడితే కుడిచెయ్యి వైపు ఊరు, ఊరి చివర నీళ్లల్లకు ముక్కు చాపినట్టు డాల్ఫిన్ నోస్ కొండ. ఎడమచెయ్యి వైపు రుషికొండ, భీమిలి దాంక తీరం వంపులు తిరుగుకుంట పోతది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన్నాడు ఈ కొండ మీది చెట్లన్నీ ఒక్క పూటల నేలకు ఒరిగినయి. తెల్లారి కిందికెళ్లి చూస్తే గుండు కొట్టించుకున్న మనిషి లెక్క కనవడ్డది, కండ్లల నీళ్లు తిరిగినయి నాకు. మళ్ల నాటిండ్రు. ఇప్పుడున్న నీడ అంత అట్ల పెంచుకున్నదే.

ఆర్కే బీచ్‌ల కురుసుర జలాంతర్గామి చూడుండ్రి. 1969ల నేవీల చేరింది, 2001ల రిటైర్ అయింది, మరుసటేడు ఒడ్డుకు గుంజుకొచ్చి మ్యూజియం చేసిండ్రు. లోపట తిరిగి చూపెట్టేటోళ్లు చాలామంది నేవీల చేసినోళ్లే. అడిగితే మంచిగ చెప్తరు. సోమవారం బంద్, మీకు ఆ బాధ లేదు.

ఒక్కటే గట్టిగా చెప్తున్న. ఆర్కే బీచ్‌ల మోకాళ్లు దాటి లోపటికి పోవద్దు. పైకి చూస్తే నెమ్మదిగనే ఉంటది, కింద గుంజుడు ఉంటది. యారాడ బీచ్ ఇంకా మోసం. ఎండకాలం సెలవులల్ల ప్రతి ఏడు మన దిక్కు పిలగాండ్ల వార్త ఒకటి వస్తది, నాకు ఆ రోజు అన్నం సయించదు. నీళ్లల దిగాలనిపిస్తే రుషికొండ పోండ్రి, ఆడ కావలి ఉండేటోళ్లు ఉంటరు. శుభ్రంగ, భద్రంగ ఉన్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 2020ల వచ్చిన బీచ్ అది.

హలాల్ సంగతి నాకంటె వన్‌టౌన్ తమ్ముడు బాగా చెప్తడు, ఆయనకు చెప్పి ఇక్కడికి పిలుస్త.

జడ్చర్ల కోడలు

అక్కా, నేను చెప్పేది ఒక్కటే. రెండు రోజులల్ల అరకు పెట్టుకోవద్దు.

మేము పోయిన జనవరిల పోయినం. అందరు "విశాఖ పోయి అరకు చూడకుంటె ఎట్ల" అన్నరు. పొద్దుగాల చీకట్లనే లేసి కిరండూల్ పాసింజర్ ఎక్కినం. నేను అబద్ధం చెప్పను, తొవ్వ మస్తుగుంటది. సొరంగంల చీకటి, బయటికి రాంగనే లోయ, మళ్ల సొరంగం. గని పోను నాలుగు గంటలు. బొర్రా గుహల మెట్లు దిగుడు, ఎక్కుడు. వచ్చేటప్పుడు ఘాట్ రోడ్డుల జీపు. నాకు వాంతులు, ఆయనకు తలనొప్పి. రూంకొచ్చేసరికి రాత్రి పదిన్నర. తెల్లారి సముద్రం ముంగట కూసోని ఇద్దరం నిద్రపోయినం. మాట్లాడుకుందామని పోయినోళ్లం మాట్లాడుకున్నదే లేదు. అరకుకు అరకు లెక్కనే మూడు రోజులు పెట్టుకొని పోవాలె.

మీరు కూసునే జాగ అడిగిండ్రు కదా, నాకు నచ్చింది తెన్నేటి పార్కు. కైలాసగిరి కిందనే, రోడ్డు పక్కన. రాళ్ల మీద అలలు కొట్టుడు పైకెళ్లి చూసుకుంట ఎంతసేపైనా కూసోవచ్చు. 2020ల గాలివానకు కొట్టుకొచ్చిన బంగ్లాదేశ్ ఓడ ఒకటి ఆడనే ఒడ్డున ఇరుక్కున్నది.

ఇంకోటి, హలాల్ గురించి నాకు ఎక్కువ తెల్వదు గని ఇది మీకు పనికొస్తదేమో. అరకు దారిపొంటి బొంగు చికెన్ అమ్ముతరు. వెదురు బొంగుల కూరి, ఆకు మూత పెట్టి, నిప్పుల మీద తిప్పుకుంట కాలుస్తరు. నూనె ఉండదు కాబట్టి ఏ పరేషాన్ లేదనుకుంటం. మేము ఆగిన కాడ అమ్మేటాయననే కోడిని మా ముంగటనే కోసిండు. మీరైతే ముందుగాలనే అడిగి చూసుకోవాలె.

కల్వకుర్తి బాటసారి

మేడం, తప్పుగా అనుకోకండి. రెండు రోజులే కదా, ఇడ్లీ, పెసరట్టు, పప్పన్నం తింటే ఏ గొడవా ఉండదు. హలాల్ కోసం ఊరంతా వెతుకుడు ఎందుకు? ఆ టైం కూడా మీకే మిగులుతది.

వాడపల్లి సంగమం

తప్పుగా అనుకోలేదన్నా. మీరు మంచికే చెప్పిండ్రు. పొద్దున టిఫిన్లకు అదే మా ఆలోచన.

గని నా మాట ఒకటి ఇనుండ్రి. మా ఆయన ఎప్పుడు బయటికి పోయినా సర్దుకునేది ఆయననే. చుట్టాల పెండ్లిండ్లల్ల, మా స్టాఫ్ పార్టీలల్ల, అంతట పెరుగన్నం తిని లేస్తడు. ఒక్కసారి కూడా "నాకిది కావాలె" అన్నది నేను ఇనలే. ఆయనకు చాపలంటే ప్రాణం. సాగర్ చాపలు తెస్తే ముల్లు తీసి మాకు పెట్టి, తలకాయ ఆయన తింటడు. సముద్రం ఒడ్డుకు పోయి కూడా పప్పన్నమే తిని రమ్మంటే నాకు మనసొప్పుతలేదు. ఈ రెండు రోజులు సర్దుకోకుంట తినాలె ఆయన.

కోటవీధి

అక్కా, అస్సలాము అలైకుమ్. మాది వన్‌టౌన్, పాత ఊరు. మా తాత పోర్టులో కళాసీ. అన్నయ్య చెప్తే ఇటు వచ్చాను.

బోర్డు మీద హలాల్ అని రాసి ఉందా లేదా అని చూడకండి. బోర్డు రాయించడం పది నిమిషాల పని. బోర్డు లేని మంచి చోట్లు కూడా ఉన్నాయి. మీరు అడగాల్సిన మాట "హలాలేనా" కాదు. ఆ మాటకి ఎవరైనా అవుననే అంటారు. "మాంసం ఏ కొట్టు నుంచి వస్తుంది, కోసేది ఎవరు" అని అడగండి. నిజంగా తెలిసినవాడు ఆలోచించకుండా కొట్టు పేరు చెప్తాడు. తెలియనివాడు లోపలికి చూస్తాడు. అడగడం కూడా వడ్డించేవాడిని కాదు, గల్లా దగ్గర కూర్చున్న మనిషిని.

జగదాంబ జంక్షన్ చుట్టుపక్కల, ఇటు వన్‌టౌన్ మసీదుల దగ్గర మనవాళ్లు నడిపే హోటళ్లు ఉన్నాయి. బిర్యానీ, కుర్మా, పరోటా, ఇరానీ చాయ్ అన్నీ దొరుకుతాయి. జుమ్మా రోజు, అంటే శుక్రవారం, మధ్యాహ్నం రద్దీ. మీరు శనివారం వస్తున్నారు కాబట్టి ఇబ్బంది లేదు. బీచ్ రోడ్డు మీద పెద్ద హోటళ్లలో బార్ కూడా ఉంటుంది, బావగారికి అది నచ్చకపోవచ్చు. ముందే చూసుకోండి.

చేపల గురించి. చేపకి జబీహా, అంటే హలాల్ పద్ధతిలో కోయడం, అక్కర్లేదు కాబట్టి ఎక్కడ తిన్నా ఫర్వాలేదనుకుంటాం. కానీ పెనం ఒక్కటే! కోడి వేపుడు చేసిన నూనెలోనే చేప ముక్క వేస్తారు. చిన్న హోటళ్లలో "వేరే పెనం మీద, కొత్త నూనెలో వేయండి" అని చెప్తే వేస్తారు, ఎవరూ విసుక్కోరు. ఇక్కడ వంజరాన్ని కోనెం అంటాం, ఆ పేరుతో అడగండి. పండుగప్ప, చందువ కూడా బావుంటాయి. మేం హనఫీ పద్ధతి పాటించే ముస్లింలం, పీతలు తినం, రొయ్యల మీద పెద్దల్లో రెండు మాటలున్నాయి, అది మీ ఇంటి పద్ధతి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం ఉంటుంది, ఆ రెండు నెలలు తాజా చేప కష్టం. డిసెంబర్ మంచి నెల.

నమాజు సంగతి. బీచ్‌లో సముద్రానికి వీపు పెట్టి, కొండల వైపు నిలబడి, కొంచెం ఎడమకి తిరిగితే ఇంచుమించు కిబ్లా, అంటే మక్కా దిక్కు. ఫోన్లో చూసుకోండి, ఎలాగూ అదే చూపిస్తుంది.

వీలుంటే మా వైపు ఒక గంట రండి. హార్బర్ ముఖద్వారం దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉంటాయి. ఒకదాని మీద వేంకటేశ్వర స్వామి గుడి, రాస్ హిల్ మీద మేరీమాత చర్చి, మూడోదాని మీద ఇషాక్ మదీనా దర్గా. వెనకటికి హార్బర్లోకి వచ్చిపోయే ఓడలు బాబా ఎదురుగా జెండా మూడుసార్లు దించి ఎత్తేవని మా తాత చెప్పేవాడు, పాత గెజిటీర్లో కూడా ఆ మాట ఉంది. పోర్టు మొదలైంది 1933లో. దర్గా మెట్ల మీద కూర్చుంటే ఓడ లోపలికి వస్తూ డాల్ఫిన్ నోస్ కింద నుంచి తిరగడం కనిపిస్తుంది. ఎంత పెద్ద ఓడైనా అక్కడ మెల్లగా, జాగ్రత్తగా వస్తుంది. నేను చిన్నప్పటి నుంచి చూస్తున్నా, ఇప్పటికీ అక్కణ్ణుంచి లేవబుద్ధి కాదు.

గాజువాక నల్లగొండోడు

చెల్లె, మన నల్లగొండ లతీఫ్‌సాబ్ దర్గా గుట్ట ఎక్కినోళ్లకు దర్గా కొండ ఒక లెక్క కాదు. పోయి రాండ్రి.

వాడపల్లి సంగమం

పోయొచ్చినం. అందరికి పేరుపేరున శుక్రియా. ఏమేమైందో రాస్తున్న, జర పొడుగైతది.

శనివారం దిగంగనే చలి. లాసన్స్ బే దిక్కు రూం తీసుకున్నం. అన్న చెప్పినట్టు ముందు కిటికీ తెరిచి చూసినం. మూలకు నిలబడితే సముద్రం కనవడుతది, నిండుగ కాదు. నాకు చాలు అనిపించింది. సామాన్లు పెట్టి, ఉప్మా పెసరట్టు తిని, నీళ్ల దిక్కు నడిచినం.

నేను అరుస్తననుకున్న, ఉరుకుతననుకున్న. నోట మాట రాలే. సాగర్‌ల నీళ్లకు అవతల ఒడ్డు ఉంటది, కొండ ఉంటది. దీనికి లేదు. మా ఆయన వంగి నీళ్లల వేలు ముంచి నాలుక మీద పెట్టుకున్నడు. మిల్లుకొచ్చిన వడ్లను పంటికింద కొరికి తేమ చూసే మనిషి, ఏదైనా నోట్ల పెట్టుకుంటెనే ఆయనకు నమ్మకం. "నిజంగనే ఉప్పు" అన్నడు. ఆయన మొఖం చూసి నాకు నవ్వొచ్చింది, ఆయనకూ వచ్చింది. ఇద్దరం ఎంతసేపు నవ్వినమో.

కురుసుర లోపట ఒక్కొక్కరే వంగి పోవాలె. గుండ్రటి తలుపులు, గోడల నిండ పైపులు, చక్రాలు, మీటర్లు. ఒకదాని మీద ఒకటి మంచాలు, మా బడి బెంచీ అంత వెడల్పు. చూపెట్టే పెద్దాయనను మా ఆయన "బియ్యం ఏడ పెట్టుకుందురు" అని అడిగిండు. ఆయన సంతోషపడి, వంటగది చూపిచ్చిండు. మా వంటింట్ల పొయ్యి బండ అంత జాగ. డెబ్బై మందికి పైన మనుషులకు అండ్లనే వండుదురట. మా ఆయన ఆడ నిలబడి ఇటు అటు కొలుచుకుంట ఉన్నడు, ఎనకోళ్లు దాటిపోయిండ్రు.

మధ్యాహ్నం జగదాంబ దిక్కు పోయినం. తమ్ముడు చెప్పిన మాటనే అడిగిన, గల్లా కాడ ముసలాయనను: మాంసం ఏ కొట్టుదని. ఆయన రాసుకునుడు ఆపలేదు, తల ఎత్తలేదు. కొట్టు పేరు, కోసే మనిషి పేరు, పొద్దున ఎన్నింటికి వస్తదో అన్నీ చెప్పిండు. మా ఆయన నా దిక్కు చూసి కుర్చీ గుంజుకున్నడు. ఆ కుర్చీ చప్పుడుకు నా పాణం కుదుటపడ్డది. మటన్ బిర్యానీ ఒక్కటే పళ్లెంల పెట్టమన్న. మన దిక్కు కంటె కారం తక్కువ, మసాల జర ఎక్కువ. రెండోసారి కూడా పెట్టించుకున్నడు.

రాత్రి చాపలు. బీచ్ రోడ్డు ఎనక సందుల ఒక చిన్న హోటల్, మొగడు పెండ్లాం నడుపుతరు. ఆమె పెనం ముంగట, ఆయన బయట. వేరే పెనం ఉంటదా అని అడిగిన, అడుగుడే మొహమాటమైంది. ఆమె ఎందుకని అడగలే. కింద పెట్టిన ఇంకో ఇనుప పెనం తీసి, బూడిద, కొబ్బరిపీచు పెట్టి తోమింది. ఒకసారి కడిగి, వాసన చూసి, మళ్ల తోమింది. కొత్త నూనె ప్యాకెట్ మా ముంగటనే పంటితోని చింపింది. కోనెం ముక్కలకు పసుపు, కారం, అల్లంవెల్లుల్లి పట్టిచ్చి పెట్టి ఉన్నది. ముక్క వేయంగనే కరివేపాకు రెమ్మ ఒకటి పక్కన వేసింది, అది ఎండి కరకరలాడేదాంక ముక్కను కదపలే. "మీ ఇంటాయన తింటున్నాడు కదమ్మా, ఇంకోటి ఎయ్యనా" అని ఆమెనే అడిగింది. ముల్లు తక్కువ చాప. మా ఆయన అలవాటుకొద్ది ముక్కను వేళ్లతోని ఇప్పి ముల్లు ఏరి నా దిక్కు జరిపిండు. నేను మళ్ల ఆయన దిక్కు జరిపిన. రొయ్యలు మా ఇంట్ల తింటం, అవి కూడా వేయించుకున్నం. పీత వద్దన్నం.

ఆదివారం తెల్లారుజామున ఫజర్ నమాజు చదువుకొని బీచ్ రోడ్డుకు వచ్చినం. నిజంగనే ఒక్క బండి లేదు. ఆరుంబావు దాటినంక నీళ్లల కెళ్లి ఎర్రగ లేసిండు. జాలారోళ్లు వల గుంజుకుంట ఏదో పాడుతున్నరు, మాటలు తెల్వలే. మా ఆయన గంటసేపు ఒక్క మాట మాట్లాడలే, నేనూ మాట్లాడలే. జడ్చర్ల చెల్లె చెప్పిన మాట యాదికొచ్చింది, అరకు పెట్టుకోనందుకు ఎంత మంచిగైందో.

తెన్నేటి పార్కుల రెండు గంటలు కూసున్నం. ఆడ మాట్లాడుకున్నం. ఏం మాట్లాడుకున్నమంటే ఏం లేదు, పెండ్లైన కొత్తల మా ఇంటి కిరాయి ఎంత, పెద్దోడు పుట్టిన్నాడు ఎవరెవరు వచ్చిండ్రు, ఆయన పదోతరగతి లెక్కల సారు సంగతి. తొమ్మిదేండ్లల నాకు చెప్పని సంగతులు మూడు చెప్పిండు. ఇక్కడ రాయను.

భీమిలి పోదామనుకున్నం, 900కె బస్సు బీచ్ రోడ్డుల నేరుగా పోతదన్నరు. పోలే. కైలాసగిరి కూడా ఎక్కలే, రోప్‌వే కాడ ఆదివారం వరుస చూసి మళ్లినం. దానికి బదులు దర్గా కొండకు పోయినం. మేము ఏటేటా మా దిక్కు జాన్‌పహాడ్ దర్గా ఉర్సు జాతరకు పోతం, ఆడ కూడా మనోళ్లు, బోనం ఎత్తినోళ్లు, అందరు ఒక్కటే వరుసల ఉంటరు. ఈడ మూడు కొండలు అట్లనే ఉన్నయి, నడుమ ఒక పది నిమిషాల నడక. మెట్ల మీద కూసున్నం. తమ్ముడు చెప్పిన ఓడ వచ్చింది. ముందు ఒక చిన్న పడవ గుంజుతుంటే ఇంత పెద్ద ఓడ, చప్పుడు లేకుంట, కొండ కింద కెళ్లి మలిగింది. డెక్కు మీద ఒక మనిషి బనీను ఆరేసుకుంటున్నడు. మా ఆయన చెయ్యి ఊపిండు. ఆ మనిషి కూడా ఊపిండు.

పిల్లలకు మాడుగుల హల్వా రెండు డబ్బాలు తెచ్చినం. గోధుమ పాలతోని, నెయ్యితోని చేస్తరట. ఒకటి రైలుల్నే అయిపోయింది.

కోటవీధి

అల్హమ్దులిల్లా. మా మెట్లెక్కారు, అది చాలు. ఆ పెనం తోమిన హోటల్ ఏ సందులో ఉందో చెప్పండక్కా, మా ఆవిణ్ణి తీసుకెళ్తాను.

వాడపల్లి సంగమం

తమ్ముడూ, సందు పేరు అడగలే. రూంకెళ్లి నడుచుకుంట పోతే ఎడమ దిక్కు మలుపు, మూలకు కొబ్బరిబోండాల బండి, బండి మీద నీలం పట్టా. ఆ బండాయనను అడుగు, చూపెడుతడు.

అన్నా, ఒక సంగతి అడగాలె. పిల్లలు అలిగి ఉన్నరు. ఎండకాలం సెలవులల్ల తీసుకొని రావాలనుకుంటున్నం, ఎట్లుంటది?

గాజువాక నల్లగొండోడు

చెల్లె, ఎండకాలం వద్దు. ఉక్కపోత పిల్లలు తట్టుకోరు, పైకెళ్లి వేట బంద్ ఉంటది, మా బావకు కోనెం దొరకదు. దసరా సెలవులకు రాండ్రి. రిజర్వేషన్ అరవై రోజుల ముందే తెరుస్తరు, తెరిచిన్నాడే పొద్దుగాల చేసుకోండ్రి. లాడ్జి అవసరం లేదు, గాజువాకల మన ఇల్లుంది. మా ఇంటామెకు చెప్పిన, పెనం కొత్తదే కొంటనన్నది.